వాహనపు పైకప్పుపై పాచి, బూజు

విశాఖపట్టణమునుండి ఓడలో బయలుదేరి అండమాను దీవులలో కాపురము పెట్టిన మనవారికి, వచ్చిన కొద్ది దినములకే అనుభవమునకు వచ్చునది ఇచ్చటి తడి. పెట్టెలో మడిచిపెట్టిన బట్టలకు ముక్క వాసన పట్టును. తోలు చెప్పులపై తెల్లని నూగు లేచును. ఊరగాయ జాడీ మూత సడలినచో వారము తిరుగకుండ బూజు కమ్మును. గృహిణులు వీనినన్నిటిని ఎరుగుదురు; ఎండ కనిపించిన పూట బట్టలారవేసి, జాడీలు తుడిచి, తగు జాగ్రత్త పడుదురు. కాని ఇంటిముందు నిలిపిన జీపు యొక్కయో, వ్యాను యొక్కయో పైకప్పును నిచ్చెన వేసికొని చూచువారు అరుదు.

చూచినచో అచ్చట ఒక చిన్న తోట కనిపించును. రేకుల అతుకుల వెంబడి, గాలి కిటికీ చుట్టును, ముందు అద్దపు పై అంచునను బిగించిన రబ్బరు పట్టీలపై పచ్చని పాచి, దాని నడుమ నల్లని బూజు చుక్కలు, గాడిలో కుళ్లిన ఆకులు పేరుకొని యుండును. మెకానిక్కులు బీడింగు అని పిలుచు ఈ రబ్బరు పట్టీలే వానను వాహనములోనికి రాకుండ ఆపునట్టి కావలివారు. ఆ కావలివారికే జబ్బు చేసినప్పుడు, లోపల కూర్చున్న వారి ఆరోగ్యమునకు కలుగు చిక్కులేమి, వానిని సురక్షితముగా తొలగించు మార్గమేది అను విషయములను తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ దీవుల వాన

అండమాను దీవులలో సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. విశాఖపట్టణపు వర్షముతో పోల్చినచో ఇది దాదాపు మూడు రెట్లు. మే నెలలో నైరుతి ఋతుపవనము ప్రవేశించినది మొదలు, ఈశాన్య ఋతుపవనము ముగియు డిసెంబరు వరకు వానలు పూర్తిగా విడుచుట లేదు. వాన లేని దినములలో సైతము గాలిలోని తేమ అధికము. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు సన్నని పొరగా వాహనములపై పేరుకొనును. ఉప్పు గాలిలోని తేమను పీల్చు స్వభావము గలది. కావున రబ్బరు ఆరినట్లు కనిపించినను, వ్రేలితో తాకినచో చెమ్మ తగులును.

2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. వారిలో పెక్కురు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవారు. 2024 సంవత్సరములో శ్రీ విజయపురముగా పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరులో, జంగ్లీఘాట్ పేటయందు, తెలుగు మత్స్యకార కుటుంబములు అనేకము కలవు. చేపల వ్యాను నడుపువారు, అద్దె కారు నడుపువారు, రోగులను ఆసుపత్రికి చేర్చు బండి నడుపువారు మన మధ్యనే యున్నారు. మన యూరిలో వేసవి యెండ చేసిపెట్టు పనిని ఇచ్చట మనమే చేతితో చేసికొనవలసి యున్నది. ఈ ఒక్క తేడాను మనవారు ముందుగా గుర్తింపవలెను.

పాచి వేరు, బూజు వేరు

మనము ఒక్కటే మురికిగా భావించు ఈ రెండును రెండు వేరు జాతులు. పాచి లేక నాచు అనునది శైవల జాతికి చెందినది. దానియందు పత్రహరితము కలదు. వెలుతురు, నీరు, గాలి లభించినచో తన ఆహారమును తానే సిద్ధము చేసికొనును. అందువలననే అది పైకప్పుమీద, వెలుతురు తగులు చోట వర్ధిల్లును.

బూజు శిలీంధ్ర జాతికి చెందినది. దానికి పత్రహరితము లేదు. ఇతర పదార్థములను తిని బ్రదుకవలెను. దుమ్ము, ఆకుల ముక్కలు, పక్షుల రెట్ట, నూనె జిడ్డు, చచ్చిన పాచి — ఇవన్నియు దానికి ఆహారము. వెలుతురు అక్కరలేదు గనుక అది రబ్బరు మడతలలోనికి, రేకు క్రిందికి, చివరకు సీటు లోపలి దూదిలోనికిని పోగలదు. అది సిద్ధబీజములు అను విత్తనముల వంటి కణములను గాలిలోనికి విడుచును. ఇవి ఒక మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల పరిమాణము గలవి, కంటికి కనిపింపవు, శ్వాసతోపాటు ఊపిరితిత్తులలోనికి చేరగలవు.

బూజు అంతయు మానవునకు శత్రువు కాదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలినును కనుగొన్నది ఒక బూజునందే. కాని ఔషధశాలలో మేలు చేయునది మూసిన వాహనములో పసిపిల్లల ముక్కు క్రింద మేలు చేయదు.

నీరు లోపలికి వచ్చు త్రోవ

పైకప్పుపై పాచి యుండినచో నష్టమేమి, అది లోపలికి రాదు కదా అని కొందరు అడుగుదురు. పాచి రాకపోయినను, నీరు వచ్చును. పాచి తడిని పట్టి యుంచు స్పంజివంటిది. రబ్బరుకును రేకుకును నడుమ అది వేరూని నట్లు పెరుగుకొలది పట్టీ అంచు పైకి లేచును. గాడులలో చేరిన ఆకులు నీరు పోవు రంధ్రములను మూసివేయును. నిలిచిన నీరు లేచిన అంచు క్రిందుగా లోపలికి ప్రాకును. పైకప్పు లోపలి గుడ్డ తడియును, సీటు తడియును, కాలి క్రింది పట్టా తడియును. అద్దములన్నియు మూసి వాహనమును నిలిపినప్పుడు, ఆ వెచ్చని చీకటిలో బూజునకు కావలసినవన్నియు సమకూరును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇండ్లలోని చెమ్మను, బూజును గూర్చి ప్రత్యేకముగా ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించినది. చెమ్మ, బూజు గల చోట నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసము తీవ్రమగుట మొదలగునవి హెచ్చుగా కనబడునని అందు తెలుపబడినది. ఆ గ్రంథము ఇండ్లను గూర్చినదే యైనను, రోజుకు పది గంటలు బండిలో గడుపు డ్రైవరుకు బండియే రెండవ ఇల్లు. ఉబ్బసము గలవారు, పసిపిల్లలు, వృద్ధులు, క్షయ మొదలగు వ్యాధులచే ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు — వీరు ముఖ్యముగా జాగ్రత్త వహింపవలెను.

2021లో నల్ల ఫంగసు అను వ్యాధి దేశమంతట భీతి గొల్పినది. నాటినుండి నల్లని మచ్చ ఎచ్చట కనిపించినను భయపడువారు కలరు. ఆ వ్యాధి ముఖ్యముగా అదుపు తప్పిన మధుమేహము గలవారికిని, స్టెరాయిడు మందులు అధికముగా వాడినవారికిని సోకినది. రబ్బరుపై కనిపించు నల్లని బూజు సామాన్యముగా వేరు జాతిది. దానిని చూచి బెదరనక్కరలేదు, ఉపేక్షింపనును రాదు.

మరియొక సంగతి. పైకప్పు సామాను చట్రములోను, కప్పిన టార్పాలిను మడతలలోను నిలిచిన తేట నీటిలో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ గ్రుడ్లు పెట్టును. ఇచ్చటి వెచ్చదనములో వారము పదిదినములలో ఆ గ్రుడ్లు దోమలగును. గాడి శుభ్రము చేసినవాడు దోమను కూడ తరిమినవాడగును.

ఒక ప్రయాణము

కొన్ని యేండ్ల క్రిందట ఈ వ్యాసకర్త మధ్య అండమానునుండి దక్షిణమునకు ఒక అద్దె వ్యానులో వచ్చుచుండెను. జూలై మాసము, ఎడతెగని వాన. మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనమును పంటుపై ఎక్కించుటకు వేచియున్నప్పుడు, అద్దములన్నియు మూసి కూర్చుంటిమి. పైనుండి ఒక్కొక్క బొట్టుగా నీరు సీటుపై పడుచుండెను. లోపల పాత గోనెసంచి వాసన. ఎదుటి సీటులో ఒక తల్లి యొడిలో ఆరేడేండ్ల పిల్లవాడు దగ్గుచుండెను.

“తమ్ముడూ, వీడికి ఉబ్బసం ఉన్నదయ్యా. ఈ వాసన వాడికి పడదు. ఒక్క అద్దం దింపవా?” అని ఆమె డ్రైవరును అడిగెను.

“దింపితే తడిసిపోతాడమ్మా! రబ్బరు మంచిదే, పైన పాచి పట్టింది, అంతే. రేపు ఆదివారం గట్టి మందు వేసి కడిగేస్తాను,” అని అతడు బదులు చెప్పెను. శ్రీకాకుళపు మాట, మంచి మనసు గల యువకుడు.

పిల్లవాని దగ్గునకు ఆ బూజే కారణమని నేను నిశ్చయించి చెప్పజాలను. కాని ఆ తల్లి వాని వీపు నిమురుచు, బొట్టు పడు చోటునుండి వానిని ప్రక్కకు జరుపుచు వచ్చిన తీరు నాకు మరపు రాలేదు. ఊరు చేరిన పిమ్మట ఆమె మందు గొట్టముతో వానికి ఊపిరి పట్టించి, అది తేరుకొన్న తరువాతనే బండి దిగెను.

ఆ గట్టి మందు సంగతి తరువాత తెలిసినది. ఆదివారము నాడు ఆ యువకుడు తలుపు మూసిన షెడ్డులో బకెట్టు నీటిలో బ్లీచింగు పొడి కలిపెను. పాచి వెంటనే పోలేదు. దానిలోనే మరుగుదొడ్డి కడుగు ఆసిడును పోసెను. పచ్చని ఆవిరి లేచినది. కన్నులు మండి, రొమ్ము పట్టుకొనిపోయి, నిచ్చెనపైనుండి జారి క్రింద పడెను. ఇరుగుపొరుగువారు ఈడ్చి బయటవేసిరి. అతడు బ్రదికెను, కాని మూడు దినములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. వారము దినముల సంపాదన పోయెను. పాచి మాత్రము అట్లే యుండెను.

చేయరాని పనులు

ఆ బకెట్టులో జరిగినదేమి? బ్లీచింగు పొడిలోను, ద్రవరూపపు బ్లీచిలోను ఉండు హైపోక్లోరైటు ఆమ్లముతో కలిసినప్పుడు క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియం దేశమందలి ఈప్ర్ పట్టణము వద్ద జర్మను సేన శత్రువులపై విడిచిన విషవాయువు ఇదియే. ఇది గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది. కావున మూసిన షెడ్డులో నేలబారున నిలిచి, క్రింద పడినవానిని మరింత బాధించును. వెనిగరు కూడ ఆమ్లమే; దానినైనను బ్లీచితో కలుపరాదు. అమ్మోనియా గల ద్రవములతో బ్లీచిని కలిపినను విషవాయువు పుట్టును. ఒక్క మాటలో చెప్పవలెనన్న, రెండు మందులు ఒక బకెట్టులో కలియరాదు. ఒకదాని తరువాత మరియొకటి వాడవలసి వచ్చినచో నడుమ మంచి నీటితో పూర్తిగా కడుగవలెను.

కిరోసిను, పెట్రోలు, డీజిలు వాడరాదు. ఇవి రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. పెట్రోలు వలన అగ్నిభయము కూడ కలదు. కొందరు కడిగిన తరువాత నిగనిగలాడుటకై కొబ్బరినూనె పూయుదురు. ఇదియును తగదు. సహజ రబ్బరు నూనె తగిలి చెడును. నూనె జిడ్డునకు దుమ్ము అంటుకొని బూజునకు మరల విందగును. వాజలైను వంటి పెట్రోలియం లేపనములును రబ్బరునకు మంచివి కావు.

ఇనుప బ్రష్షు, ఉప్పుకాగితము, చాకు మొన వాడరాదు. గీతలు పడిన రబ్బరులో పాచికి క్రొత్త ఇండ్లు దొరకును. బలమైన నీటి ధారను పట్టీ అంచుపై కొట్టరాదు. నీరు అంచు క్రిందికి దూరును. పొడి బూజును ఎండు బ్రష్షుతో దులుపరాదు. సిద్ధబీజములు గాలిలో లేచి ముక్కులోనికి పోవును. ముందు తడిపి, తరువాతనే తుడువవలెను.

శుభ్రపరచు విధానము

వాన లేని ఉదయమున, నీడలో, ఆరుబయట వాహనమును చదునైన నేలపై నిలుపవలెను. పాచి పట్టిన పైకప్పుపై కాలు మోపరాదు. చెరువు మెట్లమీది పాకుడు ఎంత జారునో ఇదియు అంతే జారును. గట్టి నిచ్చెన వేసి, ఒకరు పట్టుకొనియుండగా మరియొకరు పని చేయవలెను. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు, ముక్కునకు మాస్కు అవసరము. ఉబ్బసము గలవారు ఈ పనికి పూనుకొనరాదు.

మొదట ఆకులను, మట్టిని చేతితో తీసివేసి, గాడులలోని నీటి రంధ్రములను మెత్తని తీగెతోనో, సన్నని ప్లాస్టిక్ గొట్టముతోనో విడిపింపవలెను. తరువాత మంచి నీరు పోసి ఉప్పును కడిగివేయవలెను.

ఒక బకెట్టు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోము ద్రవపు సబ్బును రెండు మూడు చెంచాలు కలుపవలెను. ఆ నీటిలో ముంచిన గుడ్డను పట్టీపై పరచి పది నిమిషములు నాననీయవలెను. తొందరపడనక్కరలేదు; నానిన పాచి తనంతట తానే పట్టు విడుచును. అటుపిమ్మట పాత పండ్ల బ్రష్షుతో, పట్టీ పొడవున ఒకే దిశగా మెల్లగా తోమవలెను. రబ్బరు మడతను వ్రేలితో ఎత్తి లోపలి వైపును తుడువవలెను. మంచి నీటితో కడిగి, పొడి గుడ్డతో ఒత్తి, ఆరనీయవలెను. పాచికి ఇంతకంటె అక్కరలేదు.

నల్లని బూజు మచ్చలు మిగిలినచో, వెనిగరును సమాన భాగము నీటితో కలిపి, గుడ్డతో ఆ మచ్చలపై పది పదునైదు నిమిషములుంచి కడుగవలెను. అప్పటికిని పోకున్నచో, మరియొక దినమున, వెనిగరు జాడ లేకుండ కడిగిన పిమ్మట, పలుచని బ్లీచి వాడవచ్చును. నాలుగు లీటర్ల నీటికి పావు లీటరు ద్రవరూపపు బ్లీచికి మించరాదు. గుడ్డతో మచ్చపై మాత్రము అద్ది, అయిదు నిమిషములలో పుష్కలముగా నీరు పోసి కడుగవలెను. ఆలస్యమైనచో రబ్బరు గట్టిపడును, చుట్టునున్న రేకు త్రుప్పు పట్టును. కలిపిన ద్రవమును నిలువ యుంచరాదు. బ్లీచిని ఎన్నడును సోడా సీసాలో, నీళ్ల సీసాలో పోసి యుంచరాదు, పిల్లలు త్రాగుదురు. మచ్చ రంగు మాత్రమే మిగిలి, జిగట లేకున్నచో, దానిని అట్లే వదలివేయుట మంచిది.

ఆరిన పిమ్మట సిలికోను లేపనమును గుడ్డతో పలుచగా రాయవచ్చును. నేటి వాహనములలో ఇ.పి.డి.ఎం. అను కృత్రిమ రబ్బరు పట్టీలు విరివిగా వాడుచున్నారు. వానికిని ఈ లేపనము సరిపడును. పట్టీ బీటలు వారినను, ముడుచుకొని పోయినను కడుగుట వలన ప్రయోజనము లేదు, క్రొత్తది వేయింపవలెను.

లోపలి భాగమును మరువరాదు. నాలుగు తలుపులు తెరచి, పట్టాలు తీసి ఎండవేయవలెను. సీటు లోపలి దూది బూజుపట్టి వాసన వేయుచున్నచో, దానిని మార్చుట కంటె వేరు మార్గము లేదు. అత్తరు చల్లి వాసనను కప్పుట రోగమును కప్పుటయే.

ప్రమాదము జరిగినచో

వాయువు పీల్చినవానిని వెంటనే ఆరుబయటకు, ఎత్తైన చోటికి చేర్చవలెను. రక్షింపబోవువాడు మూసిన గదిలో ఊపిరి పీల్చుచు నిలువరాదు. బాధ తగ్గినట్లు తోచినను వైద్యుని చూడవలెను. ఊపిరితిత్తులలో వాపు కొన్ని గంటల తరువాత కూడ రావచ్చును. కంటిలో పడినచో 15 నుండి 20 నిమిషములవరకు మంచి నీటి ధారతో కడిగి ఆసుపత్రికి పోవలెను. మ్రింగినచో వాంతి చేయింపరాదు. నోరు కడిగి, సీసాను కూడ వెంట తీసికొని పోవలెను. అత్యవసర సహాయమునకు 112 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఎప్పుడు చేయవలెను?

జనవరి మొదలు ఏప్రిలు వరకు ఈ దీవులలో వాన తక్కువ. రబ్బరును పరీక్షించి, చెడినదానిని మార్పించుటకు అదియే అదను. ఏప్రిలు చివర, ఋతుపవనమునకు ముందు, ఒకమారు పూర్తిగా శుభ్రము చేయవలెను. వానకాలములో నెలకొకమారు, తెరపి దొరికిన పూట, సబ్బు నీటితో తుడిచినచో చాలును. డిసెంబరు గడచిన పిమ్మట మరల ఒకమారు. వృక్షముల క్రింద నిలుపు బండికి వారమునకొకమారు ఆకులు తీయుట అవసరము.

దిగ్లీపూరునుండి రాజధానికి అండమాను ట్రంకు రోడ్డు పొడవు 300 కిలోమీటర్లకు మించినది. ఆ మార్గమున జి.బి. పంత్ ఆసుపత్రికి తరలింపబడు రోగి గంటల తరబడి బండిలో పరుండి, ఆ పైకప్పును చూచుచు, ఆ గాలినే పీల్చును. అతని నెత్తిపై బొట్టు పడకుండ చేయునది అరగంట పని, ఒక బకెట్టు సబ్బు నీరు, ఒక పాత పండ్ల బ్రష్షు.

ఆ వ్యాను యువకుని మరుసటి యేట ఏప్రిలులో చూచితిని. బండి ప్రక్కన నిచ్చెన. నిచ్చెన క్రింద అతని తమ్ముడు పట్టుకొని నిలిచియుండెను. “ఈసారి ఏమి మందు బాబూ?” అని అడిగితిని. “సబ్బు నీళ్లేనండి. నానబెడితే అదే పోతోంది,” అని నవ్వెను. ఈ వ్యాసము చదివిన ప్రతి వాహనదారుడును, ప్రతి డ్రైవరును ఈ ఆదివారము ఒకమారు నిచ్చెన వేసి తన బండి పైకప్పును చూడవలెనని కోరుచున్నాము.